కరివేపాకు రెమ్మను అమెరికా ఎందుకు ఆపుతుంది?

(తెరపై: విమానాశ్రయం బల్ల మీద తెరిచిన సూట్‌కేసు, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు)

అమెరికా వెళ్లే పిల్లల సామానులో ఆవకాయ, కందిపొడి పక్కన అమ్మలు సర్దిపెట్టే పచ్చి కరివేపాకు కనబడితే అక్కడి వ్యవసాయ తనిఖీ అధికారులు దానిని తీసేసుకుంటారు. వారి భయమంతా నారింజ తోటల గురించే.

మన వంటింట్లో కరివేపాకు పోపులోకి, నారింజ పళ్లెంలోకి. వృక్షశాస్త్రం లెక్కలో మాత్రం రెండూ నిమ్మ కుటుంబానివే. ఆ చుట్టరికాన్ని మనకన్నా బాగా పసిగట్టేది సిట్రస్ సిల్లా అనే రసం పీల్చే పురుగు.

(తెరపై: లేత చిగురు, బాగా దగ్గరగా)

3, 4 మిల్లీమీటర్ల పొడవుండే ఈ పురుగు తలను ఆకుకు ఆనించి, వెనుక భాగాన్ని పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. ఇంకా విచ్చుకోని చిగురు మడతల్లో పసుపురంగు గుడ్లు పెడుతుంది కనుక, కడిగి ఆరబెట్టిన కట్టలో కూడా అవి లేవని కంటితో చూసి తేల్చడం కష్టం.

సిల్లా పీల్చే రసం వల్ల జరిగే నష్టం కన్నా, అది ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరవేసే గ్రీనింగ్ తెగులు బాక్టీరియా వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఆకులు తయారుచేసిన ఆహారం ప్రవహించే నాళాల్లో ఆ బాక్టీరియా తిష్ఠ వేయడంతో కాయ ఒక పక్కకు వంకరపోతుంది, అడుగున పచ్చగానే ఉండిపోయి చేదెక్కుతుంది. సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే మందు లేదు. ఫ్లోరిడాలో సిల్లా 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెలున్న అక్కడి నారింజ దిగుబడి 2022-23 నాటికి 2 కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది. తుఫానులూ దెబ్బతీశాయి గానీ, ప్రధాన దోషి గ్రీనింగే. మన నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులకూ ఈ పురుగు పాత శత్రువే.

విచిత్రమేమిటంటే కరివేపాకు చెట్టుకు ఈ తెగులు సోకదు. అది సిల్లాకు విడిది మాత్రమే, అయినా ఆంక్షలు దానికీ వర్తిస్తాయి.

(తెరపై: కాలిఫోర్నియా పటం, క్వారంటైన్ ప్రాంతాలు)

తెగులు సోకిన చెట్టు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో ఈ ఆంక్షల హద్దును ఒక చెట్టు చుట్టూ కాక, ఒక ప్రాంతం చుట్టూ గీస్తారు. ఆ గీత లోపల ఉన్నవారు పెరట్లోని కరివేపాకు మొక్కను పక్క ఊరి స్నేహితులకు ప్రేమగా ఇచ్చినా నిబంధన మీరినట్టే. కఠినంగా తోచినా, ఫ్లోరిడాను చూశాక దీనిని అతి అనలేము.

మీ సంచిలో కరివేపాకు ఉంటే కస్టమ్స్ వద్ద ముందే చెప్పండి: ఆకు పోతుంది, జరిమానా పడదు, దాచితే రెండూ తప్పకపోవచ్చు.