చాక్లెట్ సిరప్‌తో తీసిన భయం

శ్రోతలకు నమస్కారం.

2021లో మన తెలుగులో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ చూసినవాళ్లకు, గుంపులు గుంపులుగా మనుషుల మీద పడి కొరికే శవాలు బాగా తెలుసు. వెండితెర మీద ఆ గుంపుకు దారి వేసిన సినిమా 1968లో అమెరికాలో విడుదలైంది. పేరు ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’.

దర్శకుడు జార్జ్ రొమెరో అప్పటికి పిట్స్‌బర్గ్‌లో టీవీ ప్రకటనలు తీసుకునే కుర్రాడు. హాలీవుడ్‌లో తెలిసినవాళ్లు లేరు, చేతిలో డబ్బు లేదు. పదిమంది కలిసి మనిషికి 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టారు. పూర్తయ్యేసరికి ఖర్చు 1,14,000 డాలర్ల దాకా వచ్చింది. సినిమా అన్నాక అది ఏపాటి సొమ్ము?

ఎవాన్స్ సిటీ దగ్గర త్వరలో కూల్చేయబోతున్న ఓ ఫామ్‌హౌస్‌ను అద్దెకు తీసుకున్నారు. అందులో కుళాయి నీళ్లు కూడా లేవు. డబ్బు పెట్టినవాళ్లే వేషాలు వేశారు, మేకప్ చేశారు. రక్తం కావాలంటే బాస్కో చాక్లెట్ సిరప్ పూశారు. నలుపు తెలుపులో అది అచ్చం రక్తంలాగే కనిపిస్తుంది. షూటింగ్‌కు వాడిన కారు నిర్మాత రసెల్ స్ట్రైనర్ వాళ్ల అమ్మగారిది. మధ్యలో దాన్ని ఎవరో గుద్దేసి సొట్ట పెట్టారు. బాగుచేయించే బదులు, ఆ కారు చెట్టుకు గుద్దుకున్నట్టు కథలోనే కలిపేశారు. చూసేవాళ్లకు అది ముందే అనుకుని రాసిన సన్నివేశంలాగే ఉంటుంది.

ఇవన్నీ నాకు ఇష్టమే. కానీ ఈ సినిమాను యాభై ఏళ్లకు పైగా బతికించింది, శవాలకు భయపడి ఆ ఫామ్‌హౌస్‌లో దాక్కున్నవాళ్లలో ఒకడైన బెన్ పాత్ర అని నా నమ్మకం. ఆ పాత్ర వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతీయుడు. ఆడిషన్‌లో అందరికంటే బాగా చేశాడని తీసుకున్నారు. స్క్రిప్టులో బెన్ మోటుగా మాట్లాడే ట్రక్కు డ్రైవరు. జోన్స్ బాగా చదువుకున్న మనిషి. ఆ మాటతీరు తనకొద్దని మార్పించుకున్నాడు. తెర మీద నిబ్బరంగా తలుపులకు చెక్కలు కొట్టేది, భయపడ్డవాళ్లకు ధైర్యం చెప్పేది, ఎదురుతిరిగిన తెల్లవాడిని అదుపులో పెట్టేది అతనే.

ముగింపు చెప్పక తప్పదు. రాత్రంతా శవాలతో పోరాడి మిగిలిన బెన్‌ను, తెల్లవారాక వచ్చిన తుపాకుల గుంపు శవమనుకుని కాల్చేస్తుంది. ముగింపు మారిస్తే కొంటామన్న సంస్థ కూడా ఉంది. వీళ్లు ఒప్పుకోలేదు. 1968 ఏప్రిల్ 4 రాత్రి రొమెరో, స్ట్రైనర్ ప్రింటును కారులో వేసుకుని న్యూయార్క్ వెళ్తుండగా, నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త కారు రేడియోలో విన్నారు. సినిమా అంతకుముందే పూర్తయింది. అయినా ఆ ఏడాది థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ తూటా కేవలం కథలోదిగా ఎలా అనిపిస్తుంది?

ఇక జరిగిన అన్యాయం. పంపిణీదారులు పేరు మార్చినప్పుడు, పాత పేరుతోపాటే కాపీరైట్ గుర్తు కూడా ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కు లేదు. దాంతో సినిమా అందరి సొత్తయిపోయింది. టీవీవాళ్లు అర్ధరాత్రి వేసుకున్నారు, వీడియో క్యాసెట్లవాళ్లు అచ్చేసి అమ్ముకున్నారు. కోట్ల డాలర్ల వసూళ్లలో తీసినవాళ్లకు దక్కింది చాలా తక్కువ. ఆ పంపకం వల్లే సినిమా ఊరూరా పాకి, తరాల తరబడి అభిమానులను సంపాదించుకుందన్నది నిజమే. అయినా ఆ కష్టజీవుల తరఫున నాకు బాధగానే ఉంటుంది.

1999లో అమెరికా తన జాతీయ చలనచిత్రాల జాబితా ‘నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ’లో దీనికి చోటిచ్చింది. నెట్‌లో అరిగిపోయిన ప్రింట్లు బోలెడు దొరుకుతాయి. వాటితో సరిపెట్టుకోకుండా, రొమెరో బతికుండగానే 2016లో బాగుచేసిన ప్రతిని వెతికి చూడండి. గంటన్నర సినిమా. విడుదలైన కొత్తలో మామూలు దెయ్యాల సినిమా అనుకుని మ్యాట్నీకి వచ్చిన పిల్లలు హాల్లోనే ఏడ్చారు, అందుకని మీ ఇంట్లో చిన్నపిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి.