దసరా సెలవులకి ఆకుల చేతిగుడ్డలు: కరక్కాయ, పాలు, తుప్పు మేకులు

ఆఁ, వినపడతా ఉందా? సరే. అందరికీ నమస్కారం. వెనకాల గోల వినిపిస్తే ఏమనుకోవద్దండి, ఇంట్లో ఎనిమిది మంది పిల్లోళ్లు ఉండారు. తిరుపతిలో ఇల్లుంటే అంతే కదా, బ్రహ్మోత్సవాలొస్తే చుట్టాలు దిగిపోతారు. ఈరోజు గరుడసేవ. పెద్దోళ్లంతా తెల్లారకముందే కొండెక్కేసినారు, ఎప్పుడు దిగొస్తారో ఆ సామికే తెలియాల. పిల్లోళ్లని నాకొదిలేసినారు. నేను ఫోన్లు లాక్కుని ఈ పని పెట్టినా.

ఏం చేస్తా ఉండామంటే, ఇదిగో, దగ్గరికి పెడతా చూడండి. చేతిగుడ్డ మీద రావి ఆకు అచ్చు. తోక కూడా పడింది, కొసాకు ఈనె కనపడతా ఉంది కదా? ఇది పెయింటు కాదండి. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతలుంటాయే, అదే నలుపు. వాళ్లు కలంతో గీస్తారు, మనం ఆకుతో అద్దుతాం. కాళహస్తి మనకి 40 కిలోమీటర్ల లోపే, అక్కడ చూసొచ్చిందే ఇది.

ముందు ఆకులు. విదేశీ వీడియోల్లో శరదృతువు అంటే ఎర్రాకులు, పసుపు ఆకులు రాలుంటాయి, బుట్టలో ఏరుకుంటారు. మనకి ఇప్పుడు యాడ రాల్తాయి? మన రావిచెట్టు శివరాత్రి అటూ ఇటూ రాల్చేది. ఇప్పుడు వానలు, ఆకులు బలంగా ఉంటాయి. అద్దడానికి అవే మేలు, ఎండాకైతే పటపటా విరిగిపోతాది. రావి, జామ, కానుగ, మందారం, పారిజాతం, ఏదైనా సరే. గన్నేరు, జిల్లేడు మాత్రం వద్దు, పిల్లోళ్ల చేతులకి మంచిది కాదు. కొండ మీద అడవిలో ఒక్కాకు కూడా తుంచొద్దు. వీధి చివర చెట్టు చాలు. తడి తుడిచేయండి. అయిపోయింది.

రెండోది కసిం. అదే నల్లరంగు. ఇది ఈ పొద్దు అనుకుని ఈ పొద్దు చేసేది కాదు, నేను వినాయక చవితి అయిన మరుసటి రోజే వేసి పెట్టినా. మూడు వారాలు కావాల. మట్టి కుండలో పావు కిలో తుప్పు మేకులు, 100 గ్రాముల బెల్లం, లీటరు నీళ్లు. చిత్తూరు బెల్లం ఇంట్లో ఉండనే ఉంటాది. మూతికి గుడ్డ కట్టండి, మూత బిగించొద్దు, లోపల పొంగుతాది. బెల్లం పులుస్తాది, ఆ పులుపు ఇనుమును తింటాది, ఇనుము నీళ్లలోకి దిగుతాది. నురగ తగ్గినాక వడకట్టండి. మేకులు మీరే ముట్టుకోండి, పిల్లోళ్లకి ఇవ్వొద్దు. ఇదిగో చూడండి, నల్లగా ఉందా? లేదు. పల్చటి టీ మాదిరి ఉంది. ఇదేం రంగు అత్తా అని మావోళ్లు ఎగతాళి చేసినారు. చూద్దాం.

గుడ్డలు: తెల్ల కాటన్ చేతిగుడ్డలు. కొత్తవైతే గంజి పోయేదాకా ఉతకాల. ఉతికినా, ఆరేసినా, సరే, ముందుకు పోదాం.

ఇప్పుడు, ఇక్కడ ఆగండి. ఇక్కడ ఆగాల. నా మొత్తం కత ఇక్కడే ఉండాది.

కరక్కాయ. ఆయుర్వేదం మందుల అంగట్లో దొరుకుతాది. కాయలు తెస్తే గింజ తీసి పెచ్చులు దంచుకోవాల, నేను పొడే తెచ్చేస్తా, ఆ రోలు గోల నావల్ల కాదు. 100 గ్రాముల పొడి, లీటరు నీళ్లు. కలిపి గుడ్డ ముంచితే పని అయిపోతాదనుకున్నా పోయిన దసరాకి. ముంచినా, ఆరబెట్టినా, ఆకు అద్దినా. ఆకు పడింది. బాగుందని చప్పట్లు కూడా కొట్టినాం. నేను మీకు చెప్పినంత సేపట్లోనే, ఈనెలు లావెక్కినాయి, పక్కకి పాకినాయి, ఒకదాన్లో ఒకటి కలిసిపోయినాయి. చివరికి ఆకు లేదు, సిరా బుడ్డి ఒలికినట్టు ముద్ద. ఎనిమిది గుడ్డలూ అంతే. చిన్నోడైతే ఏడ్చేసినాడు.

కసిం పల్చన అయిందేమో అనుకుని మళ్లీ చిక్కగా చేసినా. మళ్లీ ముద్దే. గుడ్డ మంచిది కాదేమో అనుకుని గుడ్డ మార్చినా. ముద్దే! తర్వాత కాళహస్తి పోయినప్పుడు కలంకారీ వేసే ఒక పెద్దాయన్ని అడిగితే, తలకాయ కూడా ఎత్తకుండా, గీత గీస్తానే అన్నాడు: "పాలు పోసినావామ్మా?"

పాలు! ఎనుము పాలు, గేదె పాలండి. కరక్కాయ నీళ్లలో పాలు కలపాల. పాలల్లో కొవ్వు నూలుకి పట్టుకుంటాది, అందుకని రంగు పోగు వెంబడి పాకదు, పడినచోటే నిలుస్తాది. మొదటిసారి చూడబోయినప్పుడే కాళహస్తోళ్లు చెప్తా ఉంటే, నేను మరకలకీ పాలకీ ఏం సంబంధం అనుకుని వినీ విననట్టు వచ్చేసినా.

సరే, కొలత. ఈ లీటరు కరక్కాయ నీళ్లలో అర లీటరు పచ్చిపాలు, కాచొద్దు. గుడ్డలు వేసి అర గంట, మధ్యలో తిప్పండి, ఒక మూల పొడిగా ఉండిపోయినా అక్కడ ముద్దవుతాది. గట్టిగా పిండొద్దు, పాలు పోతాయి. నీళ్లు కారితే చాలు, ఆరేయండి. బాగా ఆరాల. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదని. వానాకాలం కదా, ఫ్యాన్ కింద ఒక రాత్రి పెట్టినా. వాసనొస్తాది, పుల్లటి పాల వాసన. ఉతికితే పోతాది లెండి. ఇది చూడండి, లేత పసుపు అయింది గుడ్డ.

ఇంక అద్దడమే. ఆకు తిరగేయండి, వెనక వైపు, ఈనెలు పైకి ఉండేది ఈ వైపే. గుడ్డముక్క ఉండ చేసి కసింలో ముంచి, గిన్నె అంచుకి ఒత్తి, తడి తడిగా అద్దండి. కారేటట్టు వద్దు. బోర్లించి గుడ్డ మీద పెట్టి, పైన పేపరు, అరచేత్తో అదమండి. చపాతీ కర్ర కూడా మంచిదే, నాకైతే చెయ్యే ఇష్టం. ఆకు జరపొద్దు. రేయ్, జరపొద్దంటి కదా!

తీస్తా ఉండా... చూస్తా ఉండండి. ఇప్పుడు బూడిదరంగు. ఇప్పుడు... ఆఁ! నల్లబడతా ఉంది చూడండి! కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే ఈ నలుపు వస్తాది. ఎగతాళి చేసినోళ్లు యాడికి పోయినార్రా ఇప్పుడు?

ఒక రోజు ఆరనీండి, మడత పెట్టొద్దు, నలుపు పక్కదానికి అంటుకుంటాది. తర్వాత సోపు లేకుండా పారే నీళ్లలో ఉతకండి. బకెట్లో నానబెడితే ఊడిన రంగు మళ్లీ దానికే పట్టుకుంటాది. కాళహస్తిలో స్వర్ణముఖిలో ఉతికేవాళ్లు, నేను మోటారు పైపు పెట్టేస్తా. రేపు ఉతికినాక ఫోటో పెడతా.

గుగ్గిళ్లు ఉడికిపోయినట్టుండాయి, విజిల్ వచ్చింది. ఆపేస్తా... అయ్యో, ఇదెవురు? ఎవుర్రా ఇది? మామ తెల్ల పంచె మీద చెయ్యి అచ్చేసినారు! చూపిస్తా రండి, ఇది నల్లగా లేదు, తుప్పు రంగులో ఉండాది, పంచెకి కరక్కాయ పట్టలేదు కదా. దీని మీద నిమ్మరసం పిండి, ఉప్పు రుద్ది ఎండలో పెట్టాల. ఆయన కొండ దిగేలోపల ఎండ వస్తే బాగుణ్ణు.