ఏడు చుక్కల ముగ్గు, కొత్త మోకాలు

(విశాఖపట్నంలోని ఒక కాలనీ పార్కులో, ఆదివారం ఉదయం సీనియర్ సిటిజన్ల సమావేశంలో ఒక రిటైర్డ్ సైన్సు టీచరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కూర్చునే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. నిలబడలేక కాదు. ఇప్పుడే పార్కు చుట్టూ రెండు రౌండ్లు నడిచి వచ్చాను. దాని మీద ఇంకో అరగంట నిలబడ్డానంటే రేపు పొద్దున మోకాలు నన్ను లెక్క అడుగుతుంది. నేనీ రోజు చెప్పబోయేదంతా ఆ రేపటి లెక్క గురించే.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. రెండేళ్ళ కిందట అక్టోబరులో ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. "నీ రీప్లేస్‌మెంట్ అత్తయ్యా" అని ఫోన్లో చెబితే, ఎనభై ఆరేళ్ళ మా పెద్దత్తయ్య హడలిపోయి "నాకెందుకే? నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా!" అంది. ఆవిడకి అది నాదేనని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది.

మనందరం "చిప్పలు మార్చారు" అంటాం. నిజానికి మార్చేది చిప్పని కాదు. తొడ ఎముక చివర అరిగిపోయిన చోట పలచగా చెక్కి లోహపు తొడుగు వేస్తారు. కింది కాలి ఎముక మీద ఇంకో లోహపు పళ్ళెం, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క. చిప్ప చాలామందికి ఉన్నదే ఉంటుంది, కొందరికి దాని లోపలివైపు చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు. నాకీ ఆపరేషన్ పేరు మొదట తెలిసింది వాజ్‌పేయి గారి వల్ల. ఆయనకి 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబైలో చేశారు. అప్పట్లో అది ప్రధానమంత్రులకి జరిగే ఆపరేషన్ అనుకున్నాను. 2017లో కేంద్రం ఈ లోహపు భాగాల ధరకి పరిమితి పెట్టాక మా లాంటి పెన్షన్ వాళ్ళకి కాస్త ఊపిరాడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ లోహం మొదటి రోజే రెడీ. అందుకే ఆ సాయంత్రమో మర్నాడో వాకర్ చేతికిచ్చి లేపి నడిపిస్తారు. రెడీ కానిది చుట్టూ ఉన్న కండ, పొర, నరం. వాటికి నెలలు పడుతుంది. కాస్త వాపు, వేడి ఆరు నెలలున్నా, ఒక్కోసారి ఏడాది ఉన్నా ఆశ్చర్యం లేదు. కోతకి బయటివైపు అరచేయంత మేర మొద్దుబారి ఉంటుంది. అక్కడ చర్మానికి వెళ్ళే సన్నటి నరం కోతలో తెగుతుంది మరి. నడుస్తుంటే లోపల టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది. అది లోహం, ప్లాస్టిక్ తగులుకునే చప్పుడు. మొదటి నెల ఆ చప్పుడికే నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ టెన్షన్ తప్పేది.

మొదటి ఆరు వారాల గురించి ఎక్కువ చెప్పను. ఆసుపత్రి వాళ్ళు కాగితం ఇస్తారు, వ్యాయామాలు చేయించే ఫిజియో ఇంటికొస్తాడు. రెండు మాటలు మాత్రం చెప్పాలి. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకోకండి. కాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది, తిన్నగా చాపడం రాదు. దిండు మడమ కింద పెట్టాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మా మనవడు దాన్ని పాటలా పాడేవాడు, నేను అడుగు తప్పేదాన్ని కాదు.

ఇక అసలు కథ. ధనుర్మాసం పట్టింది. అప్పటికి నాకు ఆపరేషన్ అయి పది వారాలు. కర్ర వదిలేశాను. పార్కులో పదిహేను నిమిషాలు నడుస్తున్నాను. మోకాలు తొంభై డిగ్రీలు దాటి బాగానే వంగుతోంది. నెల పట్టిన రోజు మా గుమ్మంలో పెద్ద ముగ్గు లేకపోవడం పెళ్ళయిన దగ్గర్నుంచి ఎప్పుడూ లేదు. కోడలు వేస్తానంది. "నువ్వు కళ్ళాపి చల్లు చాలు" అన్నాను. పదిహేను చుక్కలు, పదిహేను వరసలు, మెలికల ముగ్గు. గొంతుక్కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు కాబట్టి కూర్చోలేదు. నడుం వంచి నిలబడే వేశాను. యాభై నిమిషాలు పట్టింది. నొప్పి? అస్సలు లేదు. ఆ ఉత్సాహం మీద మేడెక్కి మొక్కలకి నీళ్ళు పోసి దిగాను. టబ్బులో వంకాయలు కోయడం మర్చిపోయానని మళ్ళీ ఎక్కాను.

మర్నాడు పొద్దున మంచం దిగబోతే కాలు నాది కాదు. చిప్పకి అటూ ఇటూ ఉండే గుంటలు పూడిపోయాయి. చెయ్యి వేస్తే అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా ఉంది. కుట్టుమిషన్ డ్రాయరులోంచి టైలర్ టేపు తీసి చుట్టి చూసుకున్నాను. ముందు వారం నలభై సెంటీమీటర్లున్న చోట నలభై రెండున్నర. అన్నిటికంటే భయపడ్డది ఇంకోటి ఉంది. పడుకుని కాలు తిన్నగా పైకి లేపే వ్యాయామం నాకు మూడో వారంలోనే వచ్చింది. ఆ రోజు లేవలేదు. ఎంత ప్రయత్నించినా మడమ పరుపు వదలలేదు.

ఫిజియో అబ్బాయి వచ్చాడు. మా వాడి వయసుంటుంది, నన్ను మేడం అంటాడు. తిడతాడనుకున్నాను. "నిన్న ముగ్గు వేస్తున్నప్పుడు నొప్పి వచ్చిందా మేడం?" అన్నాడు. "లేదు బాబూ, ఒట్టు" అన్నాను. "మోకాలు ఆ పూట చెప్పదండి, మర్నాడు చెబుతుంది" అన్నాడు.

కాలు ఎందుకు లేవలేదో కూడా అతనే చెప్పాడు. ఇది నా సబ్జెక్టుకి దగ్గర కాబట్టి కాస్త ఆగి చెబుతాను. కీలులో నీరు చేరితే లోపలి పొర సాగుతుంది. ఆ సంగతి నరాల ద్వారా వెన్నుపాముకి వెళుతుంది. అక్కణ్ణుంచి తొడ ముందుభాగం కండకి వచ్చే ఆజ్ఞ తగ్గిపోతుంది. కండ చచ్చిపోలేదు, దానికి కరెంటు తగ్గించారంతే. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి కొద్దిగా ఉప్పునీరు ఎక్కించి చూసినా ఇలాగే తొడ బలం తగ్గినట్టు శాస్త్రజ్ఞులు గమనించారు. ఆపరేషన్ తర్వాత తొలి నెలలో ఆ కండ సగం బలం ఎలాగూ పోగొట్టుకుంటుంది. దాని మీద వాపు తెచ్చుకుంటే బలం రావడానికి చేసే వ్యాయామమే బలం రాకుండా చేస్తుంది. "నొప్పిని ఓర్చుకుని చేసెయ్యి, అదే సర్దుకుంటుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు మన వాకింగ్ బ్యాచ్‌లో కూడా ఉన్నారు. పేర్లు చెప్పను, నవ్వుతున్నారు కూడా. కొంత నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి, నిజమే. కానీ వాపుతో పంతం పట్టకూడదు.

అయిదు రోజులు ఐస్ ప్యాకు, కాలు ఎత్తున పెట్టుకోవడం, చిన్న వ్యాయామాలు. వాపు దిగింది. అప్పుడొక నోటు పుస్తకం తీశాను. మూడు గళ్ళు గీశాను. మొదటి గడిలో నిన్న చేసిన పని. రెండో గడిలో రాత్రి నిద్ర ఎలా పట్టింది. మూడో గడిలో పొద్దున టేపు కొలత, ఎప్పుడూ ఒకే చోట, చిప్ప పైఅంచు దగ్గర. టేపు మారకపోతే అదే పని ఇంకో రెండుసార్లు చేసి అప్పుడు పెంచడం. అర సెంటీమీటరు పెరిగితే పెంచకుండా అక్కడే ఆగడం. అంతకంటే పెరిగితే సగానికి దిగడం. ఇది పుస్తకాల్లో ఉన్న సూత్రం కాదు, నా కాలికి నేను పెట్టుకున్న లెక్క. ఫిజియో చూసి సరేనన్నాడు.

ఇప్పుడు ముగ్గు సంగతి. అయిదు చుక్కలు, అయిదు వరసలతో మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగు రోజుల తర్వాత ఏడుకి వెళ్దామనుకున్నాను. రెండే కదా పెరిగేది అనిపిస్తుంది. కానీ చుక్కలు లెక్కపెట్టండి. అయిదయిదులు 25. ఏడేడులు 49. పేరుకి రెండు, పనికి దాదాపు రెట్టింపు. నెల పట్టిన రోజు నేను వేసింది 225 చుక్కలు! ముప్పై ఏళ్ళు పిల్లలకి సైన్సు చెప్పి, ఈ ఎక్కం నా కాలికి వేసుకోలేదు చూడండి. నడకలోనూ ఇదే మోసం. "ఇంకో రౌండు" అంటాం, ఆ రౌండు చివరి ఎత్తు రోడ్డు గుర్తుండదు. పక్కవాళ్ళ మాటల్లో పడి వేగం పెంచిన సంగతీ గుర్తుండదు. అందుకని ఒకసారికి ఒక్కటే పెంచేదాన్ని. సమయమైనా, ఎత్తయినా, వేగమైనా. ఆ సంక్రాంతికి మా గుమ్మంలో ఏడు చుక్కల ముగ్గే. ఎదురింటి వదినగారు వచ్చి "ఏమిటి, ఈసారి ముగ్గు పిండి పొదుపా?" అన్నారు.

ఇసకలో నడక గురించి చాలామంది అడుగుతారు, మనకి సముద్రం పక్కనే ఉంది కదా. మొదటి మూడు నెలలు నేను బీచ్ రోడ్డు పేవ్‌మెంటు దిగలేదు. ఇసకలో కాలు ఎటు ఒరుగుతుందో తెలియదు, బలం లేని తొడ దాన్ని ఆపలేదు. జిమ్ సైకిలు మాత్రం ముందే మొదలైంది. మొదట సగం చుట్టు ముందుకీ వెనక్కీ ఊపడమే, ఊయలలాగ. మోకాలు ఒక నూట అయిదు, నూట పది డిగ్రీలు వంగితే గానీ పూర్తి చుట్టు తిరగదు. నాకు తొలి చుట్టు వెనక్కి తొక్కితే వచ్చింది. ఆ రోజు ఇంట్లో కొబ్బరికాయ కొట్టినంత పని చేశాను.

వదులుకున్నవీ ఉన్నాయి, దాచను. కత్తిపీట అటకెక్కింది. పీట మీద కూర్చుని పూజ లేదు, కుర్చీలోనే. పరుగు, తాడాట ఈ లోహపు కీలుకి మంచివి కావు. నాకు ఆ సరదా ఎప్పుడూ లేదు కాబట్టి బాధ లేదు. నేల మీద బాసిపట్టు వేసుకోవడం నా డాక్టరు వద్దన్నారు. మీ డాక్టరు ఒప్పుకుంటే మీ ఇష్టం. కానీ నేల మీదికి దిగి లేవడం మాత్రం ఫిజియో దగ్గర నేర్చుకున్నాను, మంచం అంచు పట్టుకుని, మంచి కాలి మీద భారం వేసి. ఎప్పుడైనా జారి పడితే లేవాలి కదా.

వెనక వరసలో షటిల్ కుర్రాళ్ళు నిలబడ్డారు. మీలో ఒకరికి లిగమెంట్, అంటే మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ, ఆపరేషన్ అయిందని విన్నాను. నాయనా, నీ ఆపరేషన్ వేరు, నా ఆపరేషన్ వేరు. నాది లోహం, మొదటి రోజే గట్టిది. నీ మోకాలిలో పెట్టింది నీ ఒంట్లోంచే తీసిన కండర తాడు. అది అక్కడ అతుక్కుని కొత్త లిగమెంట్‌గా మారే క్రమంలో, మొదటి నెలలు గడిచి నొప్పి పోయి నీకు హుషారు వచ్చే వేళకే, లోపల బాగా బలహీనంగా ఉంటుంది. అందుకే ఎంత బాగున్నా కోర్టులోకి తొమ్మిది నెలల లోపు దిగొద్దంటారు. మన బ్యాడ్మింటన్ గోపీచంద్ సంగతి తెలుసు కదా. 1994లో మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటి కాదు, కొన్ని ఆపరేషన్లు. 1996లో జాతీయ చాంపియన్ అయ్యాడు, 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు. ఆ కథ చెప్పి వెంటనే రాకెట్ పట్టుకుంటానంటావేమో, మధ్యలో ఉన్న ఏళ్ళు కూడా లెక్కపెట్టు.

ఒక్క విషయం సీరియస్‌గా. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో పాటు కోత దగ్గర ఎర్రబడి రసి కారినా, నోటు పుస్తకం, టేపు పక్కన పడేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి. రేపటి లెక్క వీటికి పనికిరాదు.

చివరగా, మా లైన్లో అందరూ అడిగే ప్రశ్న: "టీచరుగారూ, గిరి ప్రదక్షిణకి వస్తున్నారా?" ఆపరేషన్‌కి ముందు పదకొండుసార్లు చేశాను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం తొలి పావంచా, అంటే కొండ మెట్ల మొదలు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, 32 కిలోమీటర్లు. పోయిన ఏడాది, ఆపరేషన్ అయిన తొమ్మిది నెలలప్పుడు, నా పుస్తకం తీసి చూసుకున్నాను. ఒక రోజులో నేను నడిచిన అత్యధిక దూరం నాలుగు కిలోమీటర్లు. ముప్పై రెండుని నాలుగుతో భాగించి, ఆ ఎనిమిదోవంతే నడుద్దామని తేల్చుకున్నాను. మా అబ్బాయి స్కూటర్ మీద ప్రదక్షిణ దారిలోని హనుమంతవాకలో దింపాడు. అక్కణ్ణుంచి అప్పూఘర్ వైపు జనంతో కలిసి నడిచాను, ఇంటికి చేరాను. మిగతా సాయంత్రమంతా గేటు ముందు కుర్చీ వేసుకుని, డ్రమ్ములో మజ్జిగ పెట్టుకుని, నడిచి వచ్చేవాళ్ళకి గ్లాసులు అందించాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఆగి గ్లాసు తీసుకుని "మీరు నడవట్లేదా టీచర్?" అన్నాడు. "నడిచేశాను రా, నాది ముందే అయిపోయింది" అన్నాను.

మర్నాడు పొద్దున టేపు నలభై సెంటీమీటర్లే చూపించింది. ఈ ఏడు కొంచెం పెంచుతాను, ఎంతో ఇంకా లెక్క వేయలేదు. పుస్తకం సంచిలోనే ఉంది, కావాలంటే చూడండి. అక్షరాలు మాత్రం క్షమించాలి, పొద్దున్నే కళ్ళజోడు లేకుండా రాసినవి.