ఉత్తర ధ్రువం కంటే యాకూట్స్క్‌లో జనవరి చలి ఎందుకు ఎక్కువ?

(తెరపై: ఉత్తరార్ధగోళం పటం. ట్రామ్సో, యాకూట్స్క్, ఉత్తర ధ్రువం దగ్గర ఎర్రచుక్కలు.)

నమస్కారం. చలికాలం రాగానే సైబీరియా వీడియోలు మన ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కనురెప్పల మీద మంచు పేరుకున్న ముఖాలను చూపించి, "ఉత్తర ధ్రువానికి దగ్గర కాబట్టి అంత చలి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్కే నాకు ఏటా చిరాకు తెప్పిస్తుంది.

పటం చూడండి. నార్వేలోని ట్రామ్సో దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనవరి నెల మొదటి సగం అక్కడ సూర్యోదయమే ఉండదు, అయినా ఆ నెల సగటు ఉష్ణోగ్రత మైనస్ 3, మైనస్ 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది. రష్యాలో, సైబీరియా ప్రాంతంలోని సఖా రిపబ్లిక్ రాజధాని యాకూట్స్క్ అంతకంటే ఎంతో దక్షిణాన, 62 డిగ్రీల మీద ఉంది. జనవరి ఆరంభంలో కూడా రోజుకు సుమారు ఐదు గంటలు ఎండ పడే ఆ నగరంలో నెల సగటు మైనస్ 37 దరిదాపుల్లో ఉంటుంది. ఇక సాక్షాత్తు ధ్రువం దగ్గర జనవరి సగటు మైనస్ 30 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, యాకూట్స్క్ వాసికి అది కాస్త నయమనే చెప్పాలి.

ఈ తిరకాసు విడిపోవాలంటే వేడిని ధాన్యమనుకోండి, సముద్రాన్ని గాదె అనుకోండి. వేసవిలో ఎంత పండిందన్నది కాదు, పండినదాంట్లో ఎంత గాదెకెక్కిందన్నదే చలికాలపు బతుకును నిర్ణయిస్తుంది. సముద్రజలం వేసవి వేడిని పదుల మీటర్ల లోతు వరకు కలుపుకొని, దాన్ని నెలల తరబడి నిదానంగా బయటికి వదులుతుంది. నేలకు ఆ సౌకర్యం లేదు. యాకూట్స్క్‌లో జూలై సగటు దాదాపు 20 డిగ్రీలు. అదే రిపబ్లిక్‌లోని వెర్ఖోయాన్‌స్క్‌లో 2020 జూన్ 20న ఏకంగా 38 డిగ్రీలు నమోదైంది. అంటే పంటకు లోటు లేదు. అయితే కింద ఉన్నది ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే పెర్మాఫ్రాస్ట్ నేల. వేసవి మొత్తం కాచినా పై పొర ఒకటి రెండు మీటర్లు కరగడమే గగనం. గాదె లేని ఇంట్లో పంట కళ్లంలోనే అయిపోతుంది. అదే వెర్ఖోయాన్‌స్క్‌లో 1892 ఫిబ్రవరిలో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైందంటే ఆశ్చర్యమేముంది?

సొంత గాదె లేకపోతే పక్కవాడి ధాన్యమైనా బండ్ల మీద రావాలి. ట్రామ్సోకు ఆ బండ్లు పడమటి గాలులు. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహాల మీదుగా వచ్చి నార్వే తీరమంతటా సరుకు దించుతాయి. రష్యాలో ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్న మూర్మాన్‌స్క్ ఓడరేవు చలికాలంలోనూ గడ్డకట్టకుండా ఉండేది ఆ చలవతోనే. అవే బండ్లు వేల కిలోమీటర్ల నేల మీదుగా యాకూట్స్క్ ఒడ్డున ఉన్న లేనా నది దాకా వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. తూర్పున ఒఖోత్స్క్ సముద్రం మరీ అంత దూరమేమీ కాదు గాని, చలికాలంలో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఆ దారిన బండ్లు వెళ్తాయే తప్ప రావు. ధ్రువం సంగతి వేరు. అక్కడ రెండు మూడు మీటర్ల మంచుగడ్డ కింద వేల మీటర్ల లోతు సముద్రం ఉంది కాబట్టి, గాదెకు మూత వేసి ఉన్నా సందుల్లోంచి గింజలు రాలుతూనే ఉంటాయి.

(తెరపై: నిటారుగా లేచి, కొంత ఎత్తున బల్లపరుపుగా పరుచుకున్న పొగ.)

ఇక ఖర్చు వైపు చూద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. జనవరిలో ఆ ప్రాంతం మీద సైబీరియా అధిక పీడనం తిష్ఠ వేస్తుంది. 1040 హెక్టోపాస్కళ్లు (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) దాటడం దానికి మామూలు విషయం. దాని కింద మబ్బుండదు, తేమ ఉండదు, గాలి దాదాపు కదలదు, కాబట్టి నేల తన వేడిని రాత్రంతా ఆకాశంలోకి పారబోస్తుంది. చలి ఎక్కువైతే హిమపాతమూ ఎక్కువే ఉంటుందనుకోవడం రెండో అపోహ. యాకూట్స్క్‌లో జనవరి హిమపాతం కరిగితే వచ్చే నీరు సుమారు ఒక సెంటీమీటరే. మబ్బు పట్టి మంచు కురిసే రోజున అక్కడ చలి తగ్గుతుంది కూడా.

చల్లగాలి బరువైనది కాబట్టి లోయల్లోకి దిగి నిలుస్తుంది, వెచ్చని గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. మన పాఠ్యపుస్తకాల్లోని ఉష్ణోగ్రతా విలోమం ఇదే. పొగగొట్టం నుంచి తిన్నగా లేచిన పొగ ఆ మూత తగలగానే పక్కలకు పరుచుకోవడం ఈ దృశ్యంలో చూడవచ్చు. కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉన్న సఖా ఊరు ఓయ్‌మ్యకోన్ జనవరి సగటు మైనస్ 46 దాకా పడిపోయేది ఇందువల్లనే. యాకూట్స్క్‌లో మైనస్ 40 దాటితే వాహనాల పొగలోని, మనుషుల ఊపిరిలోని ఆవిరి సైతం పోయే దారిలేక మంచు రేణువులుగా మారి వీధులను కమ్మేస్తుంది. పట్టపగలు కూడా ఎదురు వాహనం దీపాలు తప్ప ఏమీ కనిపించవు. ఆ చలిలో పాదరసం గడ్డకడుతుంది కాబట్టి థర్మామీటర్లలో ఆల్కహాల్ వాడతారు. బజారులో చేపలను బుట్టల్లో కట్టెల్లా నిలబెట్టి అమ్ముతారు; ఫ్రీజర్ మాటే రాదు.

సమయం మించిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఉత్తరార్ధగోళంలో అధికారిక కనిష్ఠం సైబీరియాది కాదు. 1991 డిసెంబర్ 22న గ్రీన్‌ల్యాండ్ మంచు పీఠభూమి మీద మైనస్ 69.6 డిగ్రీలు నమోదైంది. అయితే అక్కడ ఊరు లేదు, ఇక్కడ పిల్లలు బడికి వెళ్తున్నారు. రెండోది, "సైబీరియా గాలులకు హైదరాబాద్ గజగజ" అనే శీర్షిక. ఆ చలిగాలి నేలబారుగా పారేది. టిబెట్ పీఠభూమినీ హిమాలయాలనూ ఎక్కలేక చైనా, కొరియా, జపాన్‌ల వైపు మళ్లుతుంది. ఆదిలాబాద్‌లోనూ లంబసింగిలోనూ తెల్లవారుజామున వణికించే చలికి ప్రధాన కారణాలు వాయవ్య భారతం నుంచి దిగే పొడిగాలులు, మబ్బులేని రాత్రులు. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి ఒక్క రాత్రి మబ్బు పట్టిందంటే చాలు, మర్నాటి కనిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుతుంది.