వాల్-ఈ తల మీద స్పుత్నిక్

(బెంగళూరులోని ఒక స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఉపగ్రహాల తయారీలో పనిచేసి రిటైరైన ఇంజనీర్, యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్లు గీసే ఆర్టిస్ట్, ఆదివారం తెలుగు బడి నడిపే టీచర్.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. పిల్లల పక్కన కూర్చుని యానిమేషన్ సినిమా చూస్తుంటే, ఏదో ఒక మూల అంతరిక్ష యాత్రల గుర్తు ఒకటి ఇలా మెరిసి అలా మాయమవుతుంది. సార్, మీ కంటపడిందేదో ముందు చెప్పండి.

ఇంజనీర్: నా కంట పడలేదండీ, మా మనవడి కంట పడింది. 2008లో వచ్చిన వాల్-ఈ చూస్తున్నాం. చెత్త ఏరే ఆ చిన్న రోబో రాకెట్‌ను పట్టుకుని భూమి దాటిపోతుంది కదా. పైనంతా పాత ఉపగ్రహాల చెత్త. అందులోంచి బయటపడేసరికి నాలుగు మీసాల గుండు ఒకటి దాని తలకు తగులుకుని ఉంటుంది. "తాతా, అదేంటి?" అన్నాడు. పాజ్ చేశాం. స్పుత్నిక్! 1957 అక్టోబర్ 4న ఎగిరిన మొట్టమొదటి ఉపగ్రహం. 58 సెంటీమీటర్ల గోళం.

వ్యాఖ్యాత: అదింకా పైనే తిరుగుతోందా?

ఇంజనీర్: వాడూ అదే అడిగాడు. లేదు, మూడు నెలలకే పడిపోయింది. అంత ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది. ఆ రాపిడికి శక్తి పోగొట్టుకుంటూ, కిందికి జారుతూ 1958 జనవరిలో కాలిపోయింది. "మరి సినిమాలో ఎట్లా ఉంది?" అని పట్టుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న మీద అరగంట కూర్చున్నాం. కక్ష్య ఎందుకు జారుతుందో నేను ఎవరికీ అంత ఇష్టంగా చెప్పలేదు.

ఆర్టిస్ట్: చూసేవాళ్లు వెతికి పట్టుకోవాలని సినిమాలో ఇట్లా దాచే గుర్తుని మా పనిలో ఈస్టర్ ఎగ్ అంటాం సార్. దాచడానికీ ఒక పద్ధతుంది. కథ ఆగకూడదు. తెలియని పిల్లకి అదొక తమాషా టోపీ, తెలిసినవాళ్లకి స్పుత్నిక్. ఒట్టి నీడగా గీసినా గుర్తుపట్టే ఆకారం కావాలి. నాలుగు యాంటెనాల గుండుకి అది ఉంది. 1999లో వచ్చిన ది ఐరన్ జెయింట్ మొదలయ్యేదే స్పుత్నిక్‌తో. కథ జరిగేది 1957 అక్టోబర్‌లో. ఆకాశం నుంచి ఏం పడినా జనం ఎందుకంత భయపడతారో ఆ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది.

టీచర్: నాదొక అనుమానం. ఇవన్నీ పెద్దవాళ్ల సరదాకే కదా? మా బడికి టాయ్ స్టోరీ సినిమాలోని బజ్ లైట్‌ఇయర్ బొమ్మ తెచ్చే పిల్లలున్నారు. ఆ పేరు చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్ నుంచి వచ్చిందని ఒక్కరికీ తెలియదు.

ఇంజనీర్: చెప్పేవాళ్లు లేకే మేడమ్. ఆ బొమ్మే 2008లో డిస్కవరీ షటిల్ ఎక్కి అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, ఏడాది దాటాక తిరిగొచ్చిందని చెప్పి చూడండి, వదిలిపెట్టరు. ఇంకొకటి. వాల్-ఈ మంటలార్పే సిలిండర్ పట్టుకుని, గ్యాస్ వదులుతూ శూన్యంలో తిరుగుతుంది చూశారా? గాలి ఊదిన బుడగ వదిలేస్తే తుర్రుమంటుందే, అదే సూత్రం. 2018లో మార్స్ మీద దిగిన ఇన్‌సైట్ నౌకతో పాటు అక్కడిదాకా బ్రీఫ్‌కేస్ అంతటి ఉపగ్రహాలు రెండు వెళ్లాయి, మార్కో అని. వాటిని నడిపింది మంటలార్పే సిలిండర్లలో వాడే రకం గ్యాసే. అందుకే ఆ టీమ్ వాటికి వాల్-ఈ, సినిమాలో దాని నేస్తం ఈవ్ పేర్లు ముద్దుగా పెట్టుకుంది. ఇన్‌సైట్ దిగుతుంటే ఆ కబురు అప్పటికప్పుడు భూమికి అందించాయి ఆ రెండూ.

టీచర్: ఇది రేపు ఆదివారమే చెబుతాను. ఆ మాటకొస్తే 2025లో వచ్చిన ఎలియో సినిమాలో పిల్లాడు వాయేజర్ అంతరిక్ష నౌక సంగతి విని గ్రహాంతరవాసుల మీద మనసు పెట్టుకుంటాడు. 1977లో వాయేజర్‌తో పంపిన బంగారు రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. అందులో తెలుగు ఉంది, కన్నడ ఉంది. క్లాసులో ఆ తెలుగు పలకరింపు వినిపించాను. ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్ల ఒకతి "మాదీ పెట్టండి మిస్" అంది. రెండూ పక్కపక్కన విన్నాం. నాకు కళ్లు చెమర్చాయి.

వ్యాఖ్యాత: మన ఊళ్లోనే సినిమా తీస్తే మీరేం దాస్తారమ్మా?

ఆర్టిస్ట్: ఎద్దుల బండి. 1981లో ఇస్రో వాళ్ల ఆపిల్ ఉపగ్రహాన్ని ఎక్కించి తీసుకెళ్లిన బండి.

వ్యాఖ్యాత: ఆ ఫొటో చూసి లారీకి కూడా డబ్బుల్లేవేమో అనుకునేవాణ్ని.

ఇంజనీర్: చాలామంది అట్లాగే అనుకుంటారు, నాకు బాధేస్తుంది. అది యాంటెనా పరీక్ష. దగ్గర్లో అంత లోహం ఉంటే కొలతలు పాడవుతాయి. లారీ అంటేనే ఇనుము. చెక్క బండి అయితే ఆ గొడవ లేదు. ఆ రోజు ఆ పనికి అంతకంటే మంచి వాహనం లేదు.

ఆర్టిస్ట్: అది అడిగించడానికే గీస్తాను సార్. సంత సీను, ఇరవై బళ్లు, అన్నిటి మీదా గడ్డి. ఒక్కదాని మీద మాత్రం...

వ్యాఖ్యాత: ఎన్నో బండి?

ఆర్టిస్ట్: అది చెప్పనండీ. పిల్లలు వెతకాలి.