పది గింజల చేట

శ్రోతలకు నమస్కారం.

మూడేళ్ల కిందట మా మనవరాలి పుట్టినరోజుకు వాళ్ల నాన్న ఒక బొమ్మరిల్లు కొనిచ్చాడు. చెక్కతో చేసిన రెండంతస్తుల ఇల్లు. సోఫా ఉంది, స్నానాల తొట్టి ఉంది, చలికాచుకునే మంటగూడు కూడా ఉంది. వంటింట్లో ఓవెన్ పెట్టారు గానీ రోలు లేదు, చేట లేదు, ఉట్టి లేదు. సరేలే అని నేను దాచుకున్న లక్కపిడతలు తీసి ఇచ్చాను. పిల్ల వాటిని చక్కగా సర్దుకుంది. తీరా చూస్తే అన్నం గిన్నె మంచం కంటే పెద్దది. బిందె గుమ్మంలోంచి దూరలేదు. "అమ్మమ్మా, ఇవి రాక్షసుల గిన్నెలు" అంది.

నేను ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఆ మాట నన్ను ఊరుకోనివ్వలేదు.

లక్కపిడతకు కొలత అక్కర్లేదు. పిల్లల చేతికి సరిపోతే చాలు. బొమ్మరింటి సామాను అలా కాదు, మంచానికి గిన్నె, గిన్నెకు గరిటె పొంతన కుదరాలి. దానికి చాలా దేశాల్లో వాడే లెక్క అడుగుకు అంగుళం, అంటే పన్నెండో వంతు. ఆరడుగుల మంచం ఆరంగుళాలు. అడుగున్నర చేట అంగుళంన్నర. ఇంగ్లండులో మేరీ రాణి కోసం 1921 నుంచి 1924 దాకా కట్టిన బొమ్మరిల్లు ఈ కొలతలోనే ఉంది. ఇప్పటికీ విండ్సర్ కోటలో చూడొచ్చు. దాన్ని గీసినాయన ఎవరనుకున్నారు? ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో ఇప్పటి రాష్ట్రపతి భవన్, నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్, రెండూ ఆయన గీసినవే. ఆ బొమ్మరింట్లో కుళాయి తిప్పితే నీళ్లు వచ్చేలా ఏర్పాటు చేశారు. దాదాపు 1,500 మంది చేతులు పడ్డాయి దానిమీద. వాళ్లలో ఎక్కువమంది బొమ్మలు చేసేవాళ్లు కారు. నిజం కుర్చీలు, నిజం పుస్తకాలు, నిజం తివాచీలు చేసే పనివాళ్లు.

ఈ సంగతి అప్పుడే నా బుర్రకెక్కి ఉంటే నాకు ఆరు నెలలు కలిసొచ్చేవి. అట్టముక్కలు, ఐస్‌క్రీం పుల్లలు, జిగురు పెట్టుకుని కూర్చున్నాను. చేట చేశాను. చేటలా లేదు, విరిగిన దువ్వెనలా ఉంది.

ఆఖరికి అనకాపల్లి దగ్గర బుట్టలల్లే ఒక మేదర పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అంగుళంన్నర కాగితం కత్తిరించి చూపించి, ఇంత చేట అల్లడం నేర్పమన్నాను. ఆయన కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇదేటమ్మగారూ, చీమలు బియ్యం చెరుక్కోడానికా?" అన్నాడు. నవ్వడం అయ్యాక అసలు మాట చెప్పాడు. "ముందు పెద్ద చేట అల్లండి. పెద్దది రానోళ్లకి చిన్నదేటొస్తాది?"

రెండు నెలలు పెద్ద చేటలే అల్లాను. పచ్చి వెదురు ఎందుకు కావాలో, బద్ద చీల్చేటప్పుడు కత్తిని కాకుండా వెదుర్ని ఎందుకు నడిపించాలో, నీళ్లలో నానబెట్టకపోతే మడత దగ్గర ఎలా పుటుక్కుమంటుందో చేతికే తెలిసింది. నా మొదటి చేటలోంచి నూకలే కాదు, బియ్యం కూడా కారిపోయాయి. ఆ చేట ఇప్పటికీ మా గోడకు వేలాడుతోంది.

తర్వాత చిన్నదానికి వచ్చాను. అసలు చేటలో బద్ద వెడల్పు ఆరు మిల్లీమీటర్లనుకుంటే, నాకు కావలసింది అర మిల్లీమీటరు. కత్తితో అంత సన్నం తీస్తే విరిగిపోతోంది. మా వీధి కంసాలి అది చూసి, కమ్మచ్చులో లాగండి అన్నాడు. బంగారు తీగను సన్నగా సాగదీసే చిల్లుల ఇనప పలక అది. వెదురు బంగారంలా సాగదు గానీ, ఒక్కో చిల్లులోంచి లాగే కొద్దీ అంచులు చెక్కుకుపోయి దారంలా బయటికొస్తుంది. గుండ్రంగా వచ్చిన దాన్ని గాజుముక్కతో గీకి చదును చేసుకున్నాను. ఇంత చేసి, అసలు చేటలో ఉన్నన్ని బద్దలూ పెట్టి అల్లితే అది చేటలా కనిపించలేదు, నేతగుడ్డలా కనిపించింది. మూడో వంతు బద్దలు తగ్గించి మళ్లీ అల్లాను. అప్పుడు చేట అయింది. లెక్క ప్రకారం అది తప్పు. కంటికి మాత్రం అదే ఒప్పు. లెక్కల టీచరుకు ఇది మింగుడుపడడానికి కొంచెం టైం పట్టింది.

ఆ తర్వాత జాడీలు. ఊరగాయ జాడీ లేని వంటిల్లు నా దృష్టిలో వంటిల్లే కాదు. ఏటికొప్పాక మాకు దగ్గరే, వరాహ నది ఒడ్డున. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, ఇలాంటివాటి నుంచి తీసిన రంగును లక్కలో కలుపుతారు. బొమ్మ చెక్కేది అంకుడు కర్రతో. దాని పొర సన్నం, నున్నన. చిన్న సామానుకు ఈ సన్నని పొరే కావాలి. టేకుతో అంగుళం బల్ల చేస్తే దానిమీది చారలు తాడిచెట్టు మీద చారల్లా కనిపిస్తాయి.

లేత్ మిషను మీద, పాతవాళ్లు దీన్నే తరిమెన అనేవారు, కర్ర తిరుగుతుంటే లక్క పుల్లను ఒత్తి పట్టుకోవాలి. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. చూడ్డానికి పది నిమిషాల పని. నా అరంగుళం జాడీకి లక్క కరగనే లేదు. గట్టిగా నొక్కితే జాడీ మెడ విరిగి ఎగిరిపోయింది, మళ్లీ దొరకలేదు. అక్కడి పనివాడు నవ్వి, "సన్నం కర్ర కదా టీచరమ్మా, స్పీడు పెంచాలి" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేస్తే సరిగ్గా అదే. చక్రం అన్నే చుట్లు తిరిగినా, కర్ర సన్నగా ఉంటే దాని ఒళ్లు తక్కువ దూరమే ప్రయాణం చేస్తుంది. రాపిడి తక్కువ, వేడీ తక్కువ. మనం జాడీని చిన్నది చేశాం గానీ లక్క కరిగే వేడిని చిన్నది చేయలేదు కదా!

ఇదే పేచీ చీరతో వచ్చింది. పద్దెనిమిది అడుగుల చీరకు పద్దెనిమిది అంగుళాల పల్చటి మల్లు గుడ్డ తీసుకుని దండెం మీద వేశాను. జారలేదు, అప్పడంలా నిలబడింది. గుడ్డ కిందికి జారాలంటే దాని బరువు దాన్ని లాగాలి. పొడవు, వెడల్పు పన్నెండో వంతయితే బరువు 144వ వంతుకు పడిపోతుంది. దారం బిరుసు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మందు మా అమ్మ వాడినదే, గంజి. పల్చటి గంజిలో ముంచి, థర్మాకోల్ మీద కుచ్చిళ్లు పెట్టి, గుండుసూదులు గుచ్చి రాత్రంతా ఆరబెట్టాలి.

గుండుసూదులంటే గుర్తొచ్చింది. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అని ఒకావిడ 1940లలో పోలీసులకు నేర పరిశోధన నేర్పడానికి బొమ్మల గదులు తయారుచేసింది. వాటిలో శవాల బొమ్మలు, చుట్టూ ఆధారాలు. ఆ బొమ్మల మేజోళ్లను ఆవిడ గుండుసూదులతో అల్లిందట. కొలత అదే, అడుగుకు అంగుళం.

రోలు, తిరగలి బలపపు రాయితో చెక్కాను. చాకుకు తెగుతుంది, కానీ తడిపి చెక్కాలి, ఆ దుమ్ము పీల్చకూడదు. కుండలు మాత్రం నావల్ల కాలేదు, కుమ్మరి చేతే చేయించాను. పెద్ద ముద్దను సారె మీద పెట్టి, దాని తలమీద గోరంత కుండ తీసి, దారంతో కోసి పక్కన పెట్టాడు. ప్రమిదలు తీసే పద్ధతే. ఎండి కాలాక మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి కాస్త పెద్దగానే తీశాడు.

మీలో ఎవరికైనా చేయాలనిపిస్తే నులక మంచంతో మొదలుపెట్టండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, మైనం రాసి పేనిన దారం. మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు, మంచి వెలుతురు ఉంటే చాలు. అరగంటకోసారి లేచి దూరంగా చూడండి, మెడ, కళ్లు రెండూ మిమ్మల్ని దీవిస్తాయి.

మొన్న సంక్రాంతికి మనవరాలు వచ్చింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. చేట చూసి, పరిగెత్తుకెళ్లి డబ్బాలోంచి బియ్యం తెచ్చి పోసింది. పది గింజలకే నిండినట్టు కనిపించింది. ఒక్కో గింజా బొమ్మ అరచేయంత ఉంది. ఇద్దరం కాసేపు చూసుకున్నాం. తర్వాత అది వంటింట్లోకి వెళ్లి, గసగసాల సీసా పట్టుకొచ్చింది.