కోసుకున్న పది శాతం వెనక్కి తెచ్చుకుందాం: ఫ్రీలాన్సర్ల టీడీఎస్

నమస్కారం అండీ. తిరుపతి కొర్లగుంట నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసి బతికేవాళ్లలో నేనూ ఒకడిని.

మొన్న పక్క వీధి తమ్ముడొకడు ఫోన్ తెచ్చి చూపించాడు. ఒక కంపెనీకి 60 వేలకు బిల్లు పంపితే 54 వేలే పడ్డాయి. "ట్యాక్స్ వాళ్లే కట్టేశారు కదన్నా, ఇంక రిటర్న్ ఎందుకు?" అన్నాడు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ ఒక్క మాట దగ్గరే. ఆ 6 వేలు టీడీఎస్, అంటే డబ్బిచ్చే కంపెనీ ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. మనకు అసలు పన్ను పడుతుందా లేదా అని తేల్చకముందే, మన పాన్ పేరు మీద పట్టి ఉంచిన డబ్బు. రిటర్న్ వేసి అడిగితేనే తిరిగొస్తుంది.

లెక్క చేసి చూద్దాం. 2025-26లో మీకు మొత్తం 6 లక్షలు వచ్చాయి, అందులో 60 వేలు టీడీఎస్ పోయింది అనుకోండి. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద అందులో సగాన్ని ఆదాయంగా చూపించవచ్చు, అంటే 3 లక్షలు. కరెంటు బిల్లు, ల్యాప్‌టాప్ రసీదు ఏవీ చూపించక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. కాబట్టి 60 వేలూ మీవే. ఒక మాట: నిజంగా మిగిలింది సగం కంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపించాలి. పైగా ఇది ఐటీ, ఇంజినీరింగ్, అకౌంటెన్సీ లాంటి, చట్టంలో చెప్పిన వృత్తులకే. కంటెంట్ రాసేవాళ్లు, డిజైనర్లు ముందు ఆడిటర్‌ని అడగండి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయ్యాను. ఇ-ఫైల్, అందులో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, అందులో వ్యూ ఫారం 26ఏఎస్. సంవత్సరం ఎంచుకుంటే, ఎవరెవరు ఎంత కోసి మన పేరున జమ చేశారో వరుసగా కనిపిస్తుంది. మీ బిల్లులు పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ సరిచూడండి. ఒకసారి నాకు ఒక కంపెనీ 4,500 కోసింది, ఇక్కడ మాత్రం సున్నా. వాళ్లు నా పాన్‌లో ఒక్క అంకె తప్పు కొట్టారు. సరిచేయించడానికి రెండు నెలలు ఫోన్ల మీద ఫోన్లు. అందుకే బిల్లు మీద పాన్ పెద్ద అక్షరాలతో వేయండి, మూడు నెలలకోసారి ఈ పేజీ తెరవండి.

అంతా సరిపోతే ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం వేసి, 30 రోజుల్లో ఇ-వెరిఫై చేయండి, అంటే ఆ రిటర్న్ మీదేనని ఆన్‌లైన్‌లో ధృవీకరించండి. రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా ముందే పోర్టల్‌లో వ్యాలిడేట్ అయి ఉండాలి.

ఇక చట్టం సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. ఆ రోజు నుంచి వచ్చే ఆదాయానికి 44ఏడీఏ బదులు సెక్షన్ 58, టీడీఎస్‌కు సెక్షన్ 393. నంబర్లు మారాయి, మన 10 శాతం మాత్రం కదల్లేదు. ఏడాదిలో ఎంత దాటితే టీడీఎస్ కోయాలో చెప్పే పరిమితి 2010 నుంచి 30 వేలే, దాన్ని 50 వేలు చేయడానికి 2025 దాకా పట్టింది. 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, పన్ను సున్నా అంటున్నారు. మరి పన్నే పడని మనిషి దగ్గర ప్రతి బిల్లులో పదో వంతు ఏడాది పొడవునా ఎందుకు ఆపాలి? ఆ డబ్బు ఇంటి అద్దె, పిల్లల ఫీజు.

తగ్గించడం కుదరనిదేమీ కాదు. 2020లో సాంకేతిక సేవలకు ఇదే 10ని 2 శాతం చేశారు. వృత్తి సేవలకూ అదే ఇవ్వమని అడుగుదాం. బడ్జెట్ ఫిబ్రవరి 1న పెడతారు, కసరత్తు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతుంది. దసరా దాటగానే మన ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఎంత సంపాదించారు, ఎంత కోశారు, అది ఏ తేదీన తిరిగొచ్చింది, ఈ మూడూ అంకెలతో రాయండి. నా ఉత్తరం నమూనా ఇప్పుడు స్క్రీన్ మీద పెడుతున్నాను, పేరు, అంకెలు మార్చుకుని వాడుకోండి.